పాత డీజిల్ కారుకు ఏ ఇంజన్? ఉన్నదాన్ని బాగు చేయించడం నుంచి పెద్దింజన్ ఎక్కించడం దాకా

ఏపీ 24, ఏపీ 22 నంబర్ల డీజిల్ కార్లు నల్లగొండ, పాలమూరు రోడ్ల మీద ఇప్పటికీ బాగానే కనిపిస్తాయి. తెలంగాణ రాకముందు కొన్న స్విఫ్ట్‌లు, ఇండికాలు, బొలేరోలు, ఇన్నోవాలు అవి. బాడీ గట్టిగా ఉంటుంది, సీట్లు ఒకసారి కుట్టించి ఉంటారు, ఇంటిల్లిపాదికీ ఆ బండి మీద మమకారం ఉంటుంది. కానీ ఎత్తు వస్తే ఈడ్చుకుంటూ పోతుంది, పొద్దున స్టార్టింగ్‌కు సతాయిస్తుంది, వెయ్యి కిలోమీటర్లు తిరగకముందే ఆయిల్ పోయమంటుంది. మేస్త్రి బానెట్ ఎత్తి చూసి "ఇంజన్‌కు పని పడింది" అంటాడు. ఆ సాయంత్రానికే సలహాలు మొదలవుతాయి. ఒకరు బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ రంధ్రం) కొట్టించమంటారు, ఒకరు ఆటోనగర్ నుంచి సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెమ్మంటారు, ఇంకొకరు "ఎట్లాగూ దించుతున్నవు, పెద్దింజన్ ఎక్కించెయ్" అంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంజన్ ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఆర్‌సీ, ఆ తర్వాత గేర్‌బాక్స్, చిట్టచివర హార్స్‌పవర్. మన దగ్గర చాలామంది దీన్ని తలకిందులుగా చూస్తారు. హార్స్‌పవర్ చూసి ఇంజన్ కొంటారు, గేర్‌బాక్స్ పట్టడం లేదని ఇంకో ఖర్చు పెడతారు, చివరికి ఆర్‌సీ రెన్యువల్ రోజున ఆర్టీఏ ఆఫీసు దగ్గర నిలబడిపోతారు. లక్షలు పెట్టిన బండి ఇంటి ముందు మూలన పడి ఉండటం చూస్తే నిజంగా బాధనిపిస్తుంది.

ముందు రోగం తేలాలి

పికప్ పోయిన ప్రతి బండికీ ఇంజన్ పోయినట్టు కాదు. పొగ రంగు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. నల్ల పొగ వస్తుంటే డీజిల్‌కు తగిన గాలి అందడం లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, గాలిని ఒత్తి పంపే టర్బో నుంచి ఇంజన్‌కు గాలి తీసుకెళ్లే రబ్బరు హోసు పగిలి ఉండవచ్చు, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి ఇరుక్కుని ఉండవచ్చు, డీజిల్ చిమ్మే నాజిళ్లు కారుతుండవచ్చు. వీటిలో ఒక్కదానికీ ఇంజన్ దించే అవసరం లేదు. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. రింగులు అరిగినా, వాల్వ్ సీళ్లు పోయినా, టర్బో సీలు పోయినా నీలి పొగే వస్తుంది. టర్బో పైపు విప్పి చూస్తే లోపల ఆయిల్ ధారగా ఉంటే అనుమానం మొదట టర్బో మీదికి పోవాలి. తెల్ల పొగ చలికాలం పొద్దున కాసేపు వచ్చి ఆగిపోతే, స్టార్టింగ్‌కు ముందు సిలిండర్‌ను వేడి చేసే గ్లో ప్లగ్గులు చూపించండి. బండి వేడెక్కాక కూడా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ పైనున్న హెడ్డుకూ మధ్య ఉండే పొర) వైపు చూడాలి.

అసలు తీర్పు చెప్పేది, సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చూసే కంప్రెషన్ టెస్టు. గ్లో ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌కు గేజ్ పెట్టి చూస్తారు. నాలుగు సిలిండర్ల అంకెలూ కాగితం మీద రాయించుకోండి. మూడు సమానంగా ఉండి ఒక్కటే పడిపోయి ఉంటే ఆ సిలిండర్‌లో వాల్వో, పిస్టనో, హెడ్ గ్యాస్కెట్టో పాడైందని అర్థం. నాలుగూ కలిసి కంపెనీ చెప్పిన కొలత కంటే కిందికి జారితే అది అరుగుదల, అప్పుడు ఇంజన్ దించడం తప్పదు. గేజ్ లేని మేస్త్రి దగ్గర కనీసం ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి. ఆవిరి కొద్దిగా వస్తే పరవాలేదు. మూత ఎగిరిపడేంత జోరుగా పొగ కొడుతుంటే పిస్టన్ పక్కల నుంచి కంప్రెషన్ కిందికి దిగిపోతున్నట్టే.

సీఆర్‌డీఐ ఇంజన్లకు, అంటే రైలు అనే ఒకే గొట్టంలో డీజిల్‌ను ఎక్కువ ప్రెజర్‌తో నిలిపి చిమ్మేవాటికి, ఇంకో పరీక్ష అదనంగా కావాలి. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు తీసి సీసాలకు తగిలించి, ఏ ఇంజెక్టర్ ఎంత డీజిల్ వెనక్కి వదులుతోందో చూడాలి. ఒక్కటి మిగతా వాటి కంటే బాగా ఎక్కువ వదులుతుంటే రైలులో ప్రెజర్ నిలవదు, బండి స్టార్ట్ కాదు. దీన్ని కంప్రెషన్ పోయిందనుకుని ఇంజన్ దించేసిన సందర్భాలున్నాయి. మన ఊళ్లలో ట్రాక్టర్ కోసం డ్రమ్ముల్లో డీజిల్ నిల్వ పెట్టుకునే అలవాటు ఉంది కదా, అవసరం పడితే అదే డీజిల్ కారులోకీ పోస్తారు. డ్రమ్ము అడుగున చేరే నీళ్లూ, తుప్పూ పాత ఇండికా పంపు కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. వెయ్యి బార్లకు పైగా ప్రెజర్‌తో పనిచేసే సీఆర్‌డీఐ ఇంజెక్టర్ ఓర్చుకోదు.

మన నేలకు సంబంధించిన మాట ఇంకొకటి. ఇక్కడి బోరు నీళ్లు ఎంత గట్టివో ఇంట్లో గిన్నెల అడుగున తెల్లగా పేరుకునే పొర చూస్తే తెలుస్తుంది. అదే నీళ్లు ఏళ్ల తరబడి రేడియేటర్‌లో పోస్తే లోపలి సన్నటి గొట్టాల్లో అదే పొర కడుతుంది. మే నెల ఎండలో, ఏసీ వేసుకుని, నిండు బండితో మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కేది అందుకే. వేడికి అల్యూమినియం హెడ్డు వంకర పోతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది. రేడియేటర్ సంగతి చూడకుండా ఏ ఇంజన్ వేసినా దానికీ అదే గతి పడుతుంది. కాబట్టి కింద చెప్పే దారుల్లో ఏది ఎంచుకున్నా రేడియేటర్, వాటర్ పంపు, థర్మోస్టాట్, ఫ్యాన్ ఖర్చు దానికి కలుపుకునే లెక్క వేయండి.

ఆర్‌సీ ఏమంటోంది

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ తయారుచేసినప్పటి వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అదే కంపెనీ, అదే రకం ఇంజన్‌తో పాతదాన్ని మార్చడం వేరే సంగతి. దానికి ఆర్టీఏలో అర్జీ పెట్టుకుని, బండి చూపించి, ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించుకోవాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఒప్పుకోలు కాగితం కూడా తెచ్చుకోండి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. కారు వంటి తేలికపాటి బండికి రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు అయింది, 20 ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. దీనికి గ్రీన్ ట్యాక్స్ అదనం. 2010, 2011ల్లో కొన్న ఏపీ 24 బండ్లకు ఈ ఘట్టం ఇప్పుడే వచ్చింది. ఢిల్లీలో లాగా పదేళ్లకే డీజిల్ బండిని ఆపే నిబంధన మనకు లేదు, అందుకే పాత ఇంజన్‌ను బతికించుకోవడంలో ఇక్కడ అర్థం ఉంది. అయితే రెన్యువల్‌కు బండిని తీసుకెళ్లి చూపించాలి, చాసిస్ నంబరూ ఇంజన్ నంబరూ ఆర్‌సీతో పోల్చి చూస్తారు. కిరాయి బండ్లకైతే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ ఉండనే ఉంటుంది. నంబరు కలవకపోతే ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లకూ అదే సాకు దొరుకుతుంది.

సొంత ఇంజన్‌నే బాగు చేయించడం

పైన చెప్పినదంతా చదివాక నా మొగ్గు ఎటో అర్థమయ్యే ఉంటుంది. బ్లాకు పగలనంత వరకు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) విరగనంత వరకు, సొంత ఇంజన్‌ను దించి బాగు చేయించడమే పదిలో ఏడెనిమిది బండ్లకు సరైన దారి అని నేను నమ్ముతాను. ఇంజన్ నంబరు మారదు, ఆర్‌సీ జోలికి పోనక్కర్లేదు, గేర్‌బాక్స్, వైరింగ్, మౌంటింగులు అన్నీ దానికోసం తయారైనవే. ఆ ఇంజన్ చరిత్ర కూడా మీకు తెలుసు. ఎప్పుడు వేడెక్కిందో, ఎప్పుడు ఆయిల్ మార్చారో మీకు తెలిసినంతగా ఆటోనగర్‌లో కుప్పగా పడి ఉన్న ఇంజన్ గురించి ఎవరికీ తెలియదు.

కానీ పని పూర్తిగా జరగాలి. మన దగ్గర పని చెడేది ఎక్కువగా ఇక్కడే. సిలిండర్ అరిగి లోపల గుడ్డు ఆకారంలోకి వచ్చాక కొత్త రింగులు మాత్రమే వేసి బిగిస్తారు. రెండు మూడు నెలలు బాగుంటుంది, మళ్లీ ఆయిల్ తింటుంది. లేత్ షాపులో బోరును మైక్రోమీటర్‌తో, బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలిపించాలి. అరుగుదల కంపెనీ హద్దు దాటితే ఓవర్‌సైజ్ పిస్టన్లకు బోరు కొట్టించాలి, ఆ అవకాశం కూడా అయిపోతే స్లీవులు (సిలిండర్ లోపల దూర్చే కొత్త గొట్టాలు) వేయించాలి. క్రాంక్ జర్నళ్లు (బేరింగుల్లో తిరిగే భాగాలు) గీతలు పడి ఉంటే గ్రైండింగ్ చేయించి, సరిపడా అండర్‌సైజ్ బేరింగులు వేయాలి. హెడ్డును ప్రెజర్ టెస్టు చేయించకుండా, సమతలంగా ఉందో లేదో చూడకుండా తిరిగి బిగించనివ్వకండి. ఆయిల్ పంపు, వాటర్ పంపు, టైమింగ్ చైన్ లేదా బెల్టు, క్లచ్ ప్లేటు ఇప్పుడే మార్చేయండి. వీటి కోసం మళ్లీ విప్పితే కూలీ రెండోసారి కట్టాలి.

లారీలు, ట్రాక్టర్లు, రైస్ మిల్లుల పని మీద బతికే లేత్ షాపులు మిర్యాలగూడ, నల్లగొండ, మహబూబ్‌నగర్, జడ్చర్లలో ఉన్నాయి. ఇండికా పాత ఇంజన్, బొలేరో డీఐ లాంటి మెకానికల్ పంపు ఇంజన్లయితే మొత్తం పని మన జిల్లాలోనే అయిపోతుంది. స్విఫ్ట్, ఇన్నోవాల్లో బోరు పని ఇక్కడ చేయించి, ఇంజెక్టర్లను మాత్రం టెస్ట్ బెంచ్ ఉన్న చోటికి, అవసరమైతే హైదరాబాద్‌కు, పంపడం మంచిది. ఇంజెక్టర్ మార్చినప్పుడు దాని మీదున్న కోడ్‌ను ఈసీయూలో (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో) ఎక్కించారా అని అడగండి. ఎక్కించకపోతే ఇంజన్ దడదడలాడుతుంది, పొగ వస్తుంది, మీరు బోరు పని బాగా చేయలేదనుకుంటారు.

అదే రకం సెకండ్ హ్యాండ్ ఇంజన్

బ్లాకు పగిలినా, ఆయిల్ లేక ఇంజన్ పట్టేసినా, చైన్ తెగి హెడ్డు మొత్తం పోయినా ఈ దారి పట్టాలి. ఇంకో సందర్భం కూడా ఉంది. కిరాయి బండి మూడు వారాలు షెడ్డులో ఉంటే పూట గడవని వాళ్లకు, రెండు మూడు రోజుల్లో ఇంజన్ మార్చి రోడ్డెక్కించడమే మేలు.

మనకు దగ్గరి మార్కెట్లు రెండు. ఎన్‌హెచ్ 65 మీద ఒక కొసన హైదరాబాద్ ఆటోనగర్, ఇంకో కొసన విజయవాడ ఆటోనగర్. పాలమూరు వాళ్లకు హైదరాబాద్ దగ్గర, కోదాడ, హుజూర్‌నగర్ వాళ్లకు విజయవాడ దగ్గర. ఎక్కడ కొన్నా ధర కంటే ముందు కాగితాలు అడగండి. ఇంజన్ నంబరు రాసిన బిల్లు, ఆ ఇంజన్ ఏ బండిలోంచి వచ్చిందో దాని ఆర్‌సీ నకలు, ఆ బండి రద్దయినట్టు ఆధారం ఉండాలి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) వాళ్ల పోలీసు పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, చాసిస్, ఇంజన్ నంబర్లు ఇచ్చి ఆ బండి దొంగతనం కేసులో ఉందో లేదో చూసుకునే వీలుంది. "నంబరు పంచ్ చేసి ఇస్తాం, మీ పాత నంబరే ఉంటుంది" అని ఎవరన్నా అంటే ఆ కొట్టు గడప దిగేయండి. ఎంత తక్కువకు ఇచ్చినా ఆ ఇంజన్ మీకొద్దు. కంపెనీ నుంచి తెప్పించిన నంబరు లేని కొత్త బ్లాకుకూ సొంతంగా నంబరు కొట్టించకూడదు, ఆర్టీఏ అనుమతితోనే జరగాలి.

ఇంజన్‌ను చూసే విధానం కూడా ఉంది. కొట్టులో స్టాండు మీద స్టార్ట్ చేసి చూపిస్తామంటే అది చల్లగా ఉన్నప్పుడే చేయమనండి. ఆయిల్ కర్ర తీసి చూస్తే, మూత కింద చూస్తే పాలలాంటి నురగ ఉండకూడదు. హెడ్ బోల్టుల మీద పానాల గుర్తులు కొత్తగా ఉంటే ఇంతకుముందే ఎవరో విప్పారు. యాక్సిడెంట్ బండి ఇంజన్ అయితే ముందు పుల్లీ, సంప్, మౌంటింగ్ చెవులు పగిలి అతికించారేమో చూడండి. వరద బండి ఇంజన్ల గురించి మరీ జాగ్రత్త. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో విజయవాడ మునిగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో నిలబడ్డాయి. నీళ్లు లోపలికి పోయిన ఇంజన్ బయట ఎంత తళతళలాడినా బోరులో తుప్పు గీతలుంటాయి. గ్లో ప్లగ్ రంధ్రంలోంచి సన్నటి కెమెరా పెట్టి చూపించమనడంలో తప్పేం లేదు.

తెచ్చిన ఇంజన్‌ను తెచ్చినట్టే బిగించేయకండి. బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, వెనక క్రాంక్ సీలు, క్లచ్ మార్చడం చాలా సులువు.

అక్కచెల్లెళ్ల లాంటి ఇంజన్లు

కొంచెం ఎక్కువ జోరు కావాలి, మరీ వేరే ఇంజన్ వద్దు అనుకునేవాళ్లు ఆలోచించే దారి ఇది. ఒకే కుటుంబంలోని పెద్ద ఇంజన్‌ను వేయడమన్నమాట. స్విఫ్ట్ డీడీఐఎస్‌లో ఉన్నది ఫియట్ 1.3 మల్టీజెట్, 1248 సీసీ, 75 పీఎస్ (హార్స్‌పవర్ లెక్క), 190 ఎన్ఎం (టార్క్, అంటే తిప్పే బలం లెక్క). ఇదే 1248 సీసీ ఇంజన్ ఎర్టిగా, ఎస్‌ఎక్స్4, సియాజ్‌లలో వేరే టర్బోతో 90 పీఎస్, 200 ఎన్ఎం ఇస్తుంది. అంకెలు చూడండి, టార్క్‌లో తేడా పదే పది. ఊళ్లో నడిపేటప్పుడు 75 పీఎస్ ఇంజనే కింది నుంచి సాఫీగా లాగినట్టుంటుంది, 90 పీఎస్‌ది రెండు వేల ఆర్‌పీఎం దగ్గరికి వచ్చాక జోరందుకుంటుంది. ఆ తేడా కోసం టర్బో, ఈసీయూ, వైరింగ్, ఇమ్మొబిలైజర్ తాళం అన్నీ మార్చడం దండగ అని నా ఉద్దేశం. అరిగిన 75 పీఎస్ ఇంజన్‌ను కొత్తగా చేయిస్తే, మీకు గుర్తున్న ఆ మొదటి రోజుల పికప్పే తిరిగొస్తుంది. చాలామంది నిజంగా కోరుకుంటున్నది అదే.

ఇండికా సంగతి వేరు. పాత 1405 సీసీ టర్బో లేని ఇంజన్ 53.5 పీఎస్, 85 ఎన్ఎం మాత్రమే ఇస్తుంది. తర్వాత వచ్చిన సీఆర్4 1396 సీసీ, 70 పీఎస్, 140 ఎన్ఎం. ఇక్కడ తేడా చేతికి తెలుస్తుంది, అందుకే ఆశ పుడుతుంది. కానీ సీఆర్4 వేస్తే పంపు, రైలు, ఈసీయూ, సెన్సర్లు, పెడల్ దాకా అన్నీ ఆ ఇంజన్ ఉన్న బండి నుంచే రావాలి. ఆర్‌సీలో సీసీ కూడా మారుతుంది. ఇక ఇండికా విస్టాలో వచ్చిన 190 ఎన్ఎం క్వాడ్రాజెట్‌ను పాత ఇండికాలో దూర్చాలనే ఆలోచన అసలే వద్దు. 85 ఎన్ఎం మోయడానికి చేసిన గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టుల మీద రెండింతల బరువు వేసినట్టవుతుంది. అంత ఖర్చు పెట్టేకంటే ఆ విస్టానే కొనుక్కోవడం మేలు.

ఇన్నోవా వాళ్లకు ఇంకో ఆశ. 2494 సీసీ, 102 పీఎస్, 200 ఎన్ఎం ఉన్న 2కేడీ ఇంజన్ స్థానంలో పాత ఫార్చ్యూనర్ 1కేడీ, 2982 సీసీ, 171 పీఎస్, 343 ఎన్ఎం. రెండూ ఒకే వంశం కాబట్టి పట్టించగల మేస్త్రీలు దొరుకుతారు. పట్టించడం ఒక్కటే సరిపోదు. 102 పీఎస్‌కు లెక్కగట్టిన బ్రేకులతో 171 పీఎస్ బండిని, లోపల ఏడెనిమిది మందితో, ఎన్‌హెచ్ 44 మీద నడపడం నాకు భయంగానే ఉంటుంది. ఆ బండి ఆర్‌సీ మీదా, ఇన్సూరెన్స్ మీదా ఆ ఇంజన్‌కు చోటు లేదు. మంచి 2కేడీ ఇంజన్ సరిగా చూసుకుంటే లక్షల కిలోమీటర్లు నడిచే జాతి. దాన్నే బాగు చేయించుకోండి, ఇంజెక్టర్లకు, టైమింగ్ బెల్టుకు డబ్బు దాచుకోండి.

వేరే వంశం ఇంజన్, కరెంటు, సీఎన్‌జీ

పాత బొలేరోలో 2523 సీసీ, 63 పీఎస్ ఇంజన్ తీసి స్కార్పియో 2179 సీసీ ఎంహాక్ వేయడం, అంబాసిడర్‌కో పాత జీపుకో టయోటా ఇంజన్ ఎక్కించడం లాంటివి ముచ్చటగా కనిపిస్తాయి. చేసిన వాళ్ల చేతి పనితనాన్ని తక్కువ చేయను. అయితే రోజూ రోడ్డెక్కే కుటుంబం బండికి, దేవరకొండ నుంచి సరుకు మోసే బండికి నేనిది చెప్పలేను. టార్క్ అంతగా పెరిగినప్పుడు గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక యాక్సిల్, బ్రేకులు వరసగా ఒక్కొక్కటీ మార్చమని అడుగుతాయి. బొలేరో పాత డీఐ ఇంజన్ గొప్పదనం దాని సాదాతనంలోనే ఉంది. నల్లమలలో, అచ్చంపేట అవతల ఎక్కడ ఆగిపోయినా పానాలతో బాగుచేయవచ్చు. ఆ గుణాన్ని చేజేతులా వదులుకోవద్దు.

డీజిల్‌ను సీఎన్‌జీకి మార్చడం కారు యజమానికి పనికొచ్చే దారి కాదు. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, కంప్రెషన్ నిష్పత్తి 17 నుంచి 22 దాకా ఉంటుంది. హెడ్డు, పిస్టన్ల దగ్గర నుంచి మార్చాలి. అదే మోడల్ పెట్రోల్ ఇంజన్ వేయడం కూడా ట్యాంకు నుంచి వైరింగ్ దాకా మార్పే, ఆర్‌సీలో ఇంధనం మార్పే.

బ్యాటరీ కిట్‌కు చట్టంలో చోటుంది. 52వ సెక్షన్‌లోనే ఆ వెసులుబాటు ఇచ్చారు, ఏఐఎస్-123 ప్రమాణం ప్రకారం ఆమోదం పొందిన కిట్ మాత్రమే వేయాలి. ఆ ఆమోదం మీ బండి మోడల్‌కు ఉండాలి, వేసేది కిట్ కంపెనీ గుర్తించిన వాళ్లయి ఉండాలి. పట్టణంలోనే రోజూ కొద్ది దూరం తిరిగే బండికి లెక్క వేసి చూడవచ్చు. నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్‌కు పోయి రావాల్సిన వాళ్లకు, ఊరికి నాలుగు బస్తాలు వేసుకుపోయే వాళ్లకు పాత కారు మీద అంత పెట్టుబడి తిరిగి రావడం కష్టం.

మైలేజ్ లెక్క

కొత్త రకం ఇంజన్ వేస్తే డీజిల్ మిగులుతుంది కదా అని అడుగుతారు. లెక్క వేద్దాం. ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరుగుతారు. ఇప్పుడు లీటరుకు 15 ఇస్తోంది, మార్చాక 18 ఇస్తుందనుకుందాం. 667 లీటర్లు కాలేచోట 556 లీటర్లు కాలతాయి. మిగిలేది 111 లీటర్లు. లీటరు వంద రూపాయలు అనుకున్నా ఏడాదికి పదకొండు వేలు. మామూలు రిపేరు కంటే లక్షన్నర ఎక్కువ పెట్టి ఇంజన్ రకం మారిస్తే, ఆ లక్షన్నర తిరిగి రావడానికి పదమూడేళ్లకు పైగా పడుతుంది. అప్పటిదాకా బండి బాడీ ఉంటుందా? నెలకు మూడు నాలుగు వేల కిలోమీటర్లు తిరిగే కిరాయి బండికి ఈ లెక్క మారుతుంది, కానీ అంత తిరిగే బండికి ఫిట్‌నెస్, పర్మిట్ ముఖ్యం. నంబరు తేడాతో ఒక్క నెల ఆగిపోయినా మిగిలిన డీజిల్ డబ్బు అందులోనే పోతుంది.

అసలు ఖర్చు పెట్టాలా వద్దా అన్నదానికి నేను ఒక హద్దు పెట్టుకున్నాను. ఇంజన్ పని, రేడియేటర్, క్లచ్, రెన్యువల్ ఫీజు అన్నీ కలిపిన మొత్తం, బాగు చేశాక బండి అమ్ముడుపోయే ధరలో సగం దాటితే ఆగి ఆలోచిస్తాను. మీ పక్కింటి బండి ఎంతకు అమ్మారో చూస్తే ఆ ధర తెలుస్తుంది. ఇంజన్ దించే ముందే బండిని లిఫ్ట్ మీద ఎత్తించి కింద ఫ్లోరు, సస్పెన్షన్ మౌంటింగులు, డోర్ల కింది సిల్లులు తుప్పు పట్టాయేమో చూపించండి. వాటిని తుప్పు తినేసిందంటే కొత్త ఇంజన్ కూడా ఆ బండిని రెన్యువల్ దాటించలేదు. అప్పుడు బండిని రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికి ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకోండి, కొత్త బండి కొనేటప్పుడు పన్నులో రాయితీకి అది పనికొస్తుంది. ఇంకో పాత డీజిల్ కొనేటట్టయితే 2017 ఏప్రిల్ తర్వాత తయారైన బీఎస్4 (పొగ తక్కువగా ఉండాలని పెట్టిన ప్రమాణం) బండి చూడండి. పొల్యూషన్ టెస్టులో బీఎస్4 డీజిల్‌కు పొగ హద్దు 50 హెచ్‌ఎస్‌యూ (పొగ మందాన్ని కొలిచే లెక్క), అంతకు ముందు వాటికి 65. పాత ఇంజన్ బాగు చేయించాక ఈ అంకె ఎంతకు దిగిందో చూస్తే మేస్త్రి పని ఎంత బాగుందో కూడా తెలుస్తుంది.

ఇంజన్ కొత్తగా బిగించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు యజమాని చేతిలోనే ఉండాలి, డ్రైవర్‌కు ఇవ్వకండి. నిండా మనుషులను ఎక్కించవద్దు, ఘాట్ ఎక్కించవద్దు, అలాగని గంటల తరబడి నిలబెట్టి ఐడిల్‌లో నడపవద్దు. ఒకే స్పీడులో పోకుండా నార్కట్‌పల్లి వైపో, భూత్పూర్ వైపో వేగం మారుస్తూ తీసుకెళ్లండి. రింగులు బోరులో కుదురుకునేది ఆ ఒత్తిడి మార్పుల్లోనే. ఐదు వందల నుంచి వెయ్యి కిలోమీటర్ల లోపు ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి, పాత ఆయిల్‌ను తెల్లటి డబ్బాలో పట్టించి అయస్కాంతం తిప్పి చూడండి. సన్నటి బూడిద పొడి అంటితే మామూలే. చేతికి తగిలే లోహపు రేకులు కనిపిస్తే బండిని అక్కడే ఆపి మేస్త్రిని పిలవండి. రేడియేటర్‌లో మాత్రం కంపెనీ చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి. దారిలో తగ్గితే పోయడానికి ఒక లీటరు సీసా డిక్కీలో పెట్టుకోండి.